ప్లీహం చేసే తనిఖీ: బిరుసెక్కిన ఎర్ర కణం ఎక్కడ ఆగిపోతుంది?

సికిల్ సెల్ వ్యాధి గురించి మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా అది రక్తం దగ్గరే ఆగిపోతుంది. హీమోగ్లోబిన్ ఎంత ఉంది, రక్తం ఎన్నిసార్లు ఎక్కించారు, నొప్పులు ఎప్పుడొచ్చాయి అని అడుగుతారు. కానీ ఈ వ్యాధితో పుట్టిన బిడ్డ ఒంట్లో అన్నిటికంటే ముందు దెబ్బతినే అవయవాల్లో ప్లీహం ఒకటి. ఎడమ పక్క, పక్కటెముకల చాటున ఉండే ఈ చిన్న అవయవం సంగతి చాలామంది వినే ఉండరు. పల్లెల్లో పెద్దవాళ్లు 'కడుపులో బల్ల పెరిగింది' అంటే అది దీని గురించే.

సికిల్ సెల్ వ్యాధి ఉన్న పసిపిల్లల ప్రాణాలు తీసే ముఖ్య కారణాల్లో రెండు నేరుగా ప్లీహానికి సంబంధించినవి. ఒకటి, ఉన్నట్టుండి రక్తమంతా ప్లీహంలో నిలిచిపోవడం. రెండోది, ప్లీహం పని మానేశాక రక్తంలో చేరే బ్యాక్టీరియా. చవకైన మందుతో, టీకాలతో, కడుపు తడిమి చూడటం నేర్చుకున్న తల్లి చేతితో ఈ రెండింటి నుంచీ చాలామంది బిడ్డలను కాపాడుకోవచ్చు. ప్లీహం ఏం చేస్తుందో తెలిస్తే ఆస్పత్రిలో ఏం అడగాలో, ప్రభుత్వాన్ని దేనికి నిలదీయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ముందు ప్లీహం పని ఏమిటో చెబుతాం, ఆ తర్వాత హక్కుల దగ్గరికి వస్తాం.

లోపల ఎలా ఉంటుంది

పెద్దవాళ్లలో ప్లీహం సుమారు 150 గ్రాములు తూగుతుంది. పిడికిలంత ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మామూలుగా చేతికి తగలదు. ఇంత చిన్నదైనా గుండె పంపే రక్తంలో దాదాపు 5 శాతం దీని గుండా పోతుంది.

ప్లీహాన్ని కోసి చూస్తే లోపల రెండు రకాల గుజ్జు కనిపిస్తుంది. తెల్ల గుజ్జులో తెల్ల రక్తకణాలు గుంపులుగా ఉంటాయి. రక్తంలోకి వచ్చిన సూక్ష్మజీవులను గుర్తుపట్టి వాటిపై యాంటీబాడీలు తయారుచేయించే పని వీటిది. ఎర్ర గుజ్జు పని వేరు. ఎర్ర రక్తకణాలను ఒక్కొక్కటిగా తనిఖీ చేసే చోటు అదే.

ఒంట్లో మిగతా చోట్ల రక్తం ఎప్పుడూ గొట్టాల్లోనే పారుతుంది. ధమని నుంచి సన్నటి కేశనాళికలోకి, అక్కడి నుంచి సిరలోకి పోతుంది. ఎర్ర గుజ్జులో మాత్రం కొంత రక్తం గొట్టం దాటి బయటికి వస్తుంది. కణాలతో, సన్నటి పోగులతో అల్లుకున్న వల లాంటి ఖాళీల్లోకి చేరుతుంది. తిరిగి రక్తప్రవాహంలో కలవాలంటే ప్రతి ఎర్ర కణమూ అక్కడుండే సిరా కుహరాల గోడలోంచి దూరి వెళ్లాలి.

ఆ గోడ కట్టు గమనించదగ్గది. పొడవాటి కణాలు పక్కపక్కన పేర్చి ఉంటాయి, వెదురు బద్దలతో తడిక కట్టినట్టు. బద్దకూ బద్దకూ మధ్య సన్నటి చీలికలుంటాయి. వాటి వెడల్పు ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్ర కణం ఆ చీలికలోంచే బయటపడాలి. ఇంకో దారి లేదు.

ఎనిమిది మైక్రాన్ల కణం ఒక మైక్రాన్ చీలికలో ఎలా దూరుతుంది?

ఆరోగ్యమైన ఎర్ర కణం అడ్డం కొలత దాదాపు 8 మైక్రాన్లు, మందం 2 మైక్రాన్లు. చీలిక దానికంటే ఎన్నో రెట్లు సన్నం. అయినా కణం దూరిపోతుంది, తిరిగి తన ఆకారానికి వస్తుంది.

సగం నింపిన గోనె సంచిని, మూతి దాకా కుక్కిన గోనె సంచిని పక్కపక్కన ఊహించుకోండి. సగం నింపిన దాన్ని వంచి, నొక్కి, ఇరుకు సందులోంచి లాగేయొచ్చు. నిండా కుక్కినది సందు దగ్గరే ఇరుక్కుంటుంది. ఎర్ర కణం సగం నింపిన సంచి లాంటిది. లోపలి సరుకును గుండ్రంగా చుట్టడానికి ఎంత పైపొర చాలో, అంతకంటే దాదాపు 40 శాతం ఎక్కువ పొర దానికి ఉంటుంది. నడుమ నొక్కినట్టు రెండు వైపులా గుంటపడిన దాని ఆకారం అందువల్లే వచ్చింది. పైగా దానిలో కేంద్రకం ఉండదు కాబట్టి అడ్డుపడే గట్టి ముక్క కూడా లేదు.

చీలిక దాటాలంటే కణానికి మూడు గుణాలు ఉండాలి. పైపొర మిగులుగా ఉండాలి. లోపలి హీమోగ్లోబిన్ ద్రవం చిక్కబడకుండా ఉండాలి. పొర సాగి మళ్లీ ముడుచుకోవాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా కణం బిరుసెక్కుతుంది, చీలిక దగ్గర ఆగిపోతుంది. పిండి జల్లెడ పట్టినప్పుడు పెద్ద పలుకు పైన మిగులుతుంది, చిన్నది కిందికి పోతుంది. ప్లీహం అలా పరిమాణం చూసి వేరు చేయదు. ఎంత పెద్ద కణమైనా ఒంగగలిగితే పోనిస్తుంది. ఒంగలేకపోతే చిన్న కణాన్నైనా ఆపేస్తుంది.

పైగా ఈ పరీక్ష జరిగే చోటు కణానికి అనుకూలమైనది కాదు. ఎర్ర గుజ్జు వలలో రక్తం నెమ్మదిగా కదులుతుంది. ఆక్సిజన్, గ్లూకోజ్ తగ్గుతాయి, ఆమ్లత పెరుగుతుంది. బలంగా ఉన్న కణం తట్టుకుని దాటిపోతుంది. అప్పటికే బలహీనంగా ఉన్న కణం అక్కడ ఇంకా బలహీనపడుతుంది.

ఆగిపోయిన కణం ఏమవుతుంది?

వలలో మాక్రోఫేజ్‌లు అనే పెద్ద భక్షక కణాలు కాచుకుని ఉంటాయి. చీలిక దాటలేక నిలిచిపోయిన కణాలనూ, పైపొర మీద ముసలితనపు గుర్తులో యాంటీబాడీలో ఉన్న కణాలనూ ఇవి మింగేస్తాయి. ఆరోగ్యమైన ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ కాలంలో పొర కొద్దికొద్దిగా ఊడిపోతూ కణం బిరుసెక్కుతుంది. ముసలి కణాలను తీసేసే పనిలో ప్లీహంతో పాటు కాలేయం, ఎముక మజ్జ కూడా పాలుపంచుకుంటాయి.

మింగిన కణంలోని ఇనుము వృథా కాదు. మాక్రోఫేజ్ దాన్ని విడదీసి రక్తంలోకి వదులుతుంది, ఎముక మజ్జ దానితో కొత్త కణాలు చేస్తుంది. మనం తిండి నుంచి రోజుకు గ్రహించేది 1 నుంచి 2 మిల్లీగ్రాముల ఇనుమే. కొత్త రక్తానికి రోజూ కావాల్సింది 20 నుంచి 25 మిల్లీగ్రాములు. ఆ తేడా అంతా పాత కణాల నుంచి తిరిగొచ్చిన ఇనుముతోనే తీరుతుంది. హీమోగ్లోబిన్‌లో మిగిలిన భాగం పసుపు రంగు బిలిరుబిన్‌గా మారి కాలేయానికి పోతుంది. కణాలు మరీ ఎక్కువగా చెదిరిపోతే ఈ పసుపు కళ్లలో కనిపిస్తుంది.

సికిల్ సెల్ పిల్లల కళ్లు పచ్చబడటానికి ఎక్కువగా ఇదే కారణం. దాన్ని కామెర్లనుకుని పసరు మందులు పోయిస్తే రోజులు గడిచిపోతాయి, అసలు జబ్బు బయటపడదు. అలాగే 'రక్తం తక్కువ' అనగానే ఇనుము మాత్రలు రాయడం కూడా సరికాదు. ఈ వ్యాధిలో చెదిరిన కణాల ఇనుము చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. పదేపదే రక్తం ఎక్కించుకున్న వాళ్లలో అది మితిమీరి పేరుకుంటుంది. ఇనుము నిజంగా తగ్గిందో లేదో పరీక్షించాకే మాత్రలు ఇవ్వాలి.

కణాన్ని చంపకుండా గింజ తీయడం

అడ్డొచ్చిన ప్రతి కణాన్నీ ప్లీహం నాశనం చేయదు. కొన్నిసార్లు కణం బాగానే ఉండి, లోపల ఒక గట్టి ముక్క మాత్రం ఉంటుంది. కణం చీలికలో దూరేటప్పుడు మెత్తటి భాగం అవతలికి జారిపోతుంది, గట్టి ముక్క ఇవతలే తెగి మిగిలిపోతుంది. చింతపండు పిసికి గింజ తీసినట్టన్నమాట. గింజ పోయిన కణం మళ్లీ రక్తంలో కలుస్తుంది.

కొత్త ఎర్ర కణాల్లో అప్పుడప్పుడు మిగిలిపోయే కేంద్రకపు తునకలను ప్లీహం ఇలాగే తీసేస్తుంది. వీటిని హోవెల్-జాలీ బాడీలు అంటారు. ప్లీహం పనిచేస్తున్న మనిషి రక్తంలో ఇవి దాదాపు కనిపించవు. కనిపించాయంటే ప్లీహం పని మందగించిందని అర్థం. గాజు పలక మీద రక్తపు చుక్క పూసి రంగు వేసి మామూలు మైక్రోస్కోపులో చూసినా ఇవి తెలుస్తాయి. తొలి దశ నష్టాన్ని పట్టుకునేంత సూక్ష్మమైన పరీక్ష కాకపోయినా, మైక్రోస్కోపు ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా చేయొచ్చు.

పట్టుబడే మిగతా కణాలు

సికిల్ సెల్ దగ్గరికి వెళ్లే ముందు ఈ తనిఖీలో ఇంకా ఎవరెవరు ఆగిపోతారో చూస్తే విషయం స్పష్టమవుతుంది.

హెరెడిటరీ స్ఫెరోసైటోసిస్ అనే పుట్టుక వ్యాధిలో పైపొరను పట్టి ఉంచే ప్రొటీన్లలో లోపం ఉంటుంది. పొర ఊడిపోతూ కణం బంతిలా గుండ్రమవుతుంది, నిండా కుక్కిన సంచి అవుతుంది. ఈ రోగులకు ప్లీహం తీసేస్తే రక్తహీనత చాలావరకు తగ్గుతుంది. కణాలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. కణాలను ఆపి నాశనం చేస్తున్నది ప్లీహమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో కొన్ని మందులు పడనప్పుడు హీమోగ్లోబిన్ ముద్దకట్టి పొర లోపలి వైపు అతుక్కుంటుంది. ఆ ముద్దలను ప్లీహం కొరికి తీస్తుంది, కణాలు చెదురుతాయి. వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ అలాంటి మందే. మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మలేరియా పరాన్నజీవి దూరిన ఎర్ర కణం కూడా బిరుసెక్కుతుంది. ప్లీహం ఆ కణాన్ని ఆపుతుంది, లేదా ఆర్టిసునేట్ మందుకు చచ్చిన పరాన్నజీవిని గింజలా లాగేస్తుంది. ఇంత పని నెత్తిన పడితే ప్లీహం పెరుగుతుంది. 1840లలో ఉత్తర భారతంలో నీటి కాలువల వెంట ఉన్న గ్రామాల్లో బ్రిటిష్ వైద్యులు పిల్లల కడుపులు తడిమి, ఎంతమందికి బల్ల ఉందో లెక్కపెట్టి, ఏ ఊళ్లో జ్వరాలు ఎక్కువో అంచనా వేసేవాళ్లు. మలేరియా పరాన్నజీవి ఏమిటో ఇంకా ఎవరికీ తెలియని కాలమది. చేతితో తడిమి చూడటం అప్పటికే ఒక పరీక్ష.

సికిల్ కణం: జల్లెడే పూడుకుపోతే

సికిల్ సెల్ వ్యాధికి మూలం జన్యువులో ఒక్క అక్షరం మార్పు. దానివల్ల హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. ఈ హీమోగ్లోబిన్-ఎస్ ఆక్సిజన్‌ను వదిలాక ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పుల్లల్లా పేరుకుంటుంది. కణం బిరుసెక్కుతుంది, కొడవలిలా వంగుతుంది. ఆక్సిజన్ అందితే మొదట్లో మామూలు ఆకారానికి వస్తుంది. పదేపదే ఇలా జరిగాక పొర దెబ్బతిని, శాశ్వతంగా అలాగే ఉండిపోతుంది. కొడవలి ఆకారం ఫొటోల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కానీ హాని చేసేది బిరుసుతనం. ఆకారం మారకముందే అది మొదలవుతుంది.

ఇప్పుడు ఎర్ర గుజ్జు వలను గుర్తు తెచ్చుకోండి. ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత ఎక్కువ, ప్రవాహం నెమ్మది. హీమోగ్లోబిన్-ఎస్ పుల్లలు కట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. కణాన్ని తనిఖీ చేసే చోటే కణాన్ని బిరుసెక్కిస్తుంది. బిరుసెక్కిన కణాలు చీలికల్లో ఇరుక్కుంటాయి. వాటి వెనక వచ్చినవి ఇంకాసేపు ఆగుతాయి, అవీ బిరుసెక్కుతాయి. రక్తం అందని భాగం చచ్చి మచ్చకడుతుంది. జల్లెడ కళ్లు ఒక్కొక్కటే పూడుకుపోతాయి.

పుట్టిన మొదటి నెలల్లో బిడ్డ ఒంట్లో గర్భస్థ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అది పుల్లలు కట్టనివ్వదు. ఆరు నెలలు దాటేసరికి అది తగ్గుతుంది, నష్టం మొదలవుతుంది. ఆఫ్రికా మూలాలున్న పిల్లలపై అమెరికా, జమైకాల్లో జరిగిన పరిశోధనల ప్రకారం చాలామందిలో మొదటి ఏడాదిలోనే ప్లీహం పని తగ్గుతుంది. ఐదారేళ్లు వచ్చేసరికి ఎక్కువమందిలో అది ముడుచుకుపోయి మచ్చకట్టిన చిన్న ముద్దగా మిగులుతుంది.

ఇంకో సంగతి. ప్లీహం పెరిగి చేతికి తగులుతోందంటే బాగా పనిచేస్తోందని కాదు. సికిల్ పిల్లల్లో పెద్ద ప్లీహం కూడా పనిచేయకుండా ఉండొచ్చని 1969లోనే అమెరికా వైద్యుడు హోవర్డ్ పియర్సన్ బృందం చూపించింది.

ఎర్ర కణాల ఆయుష్షు ఈ వ్యాధిలో 120 రోజుల నుంచి 10–20 రోజులకు పడిపోతుంది. ఎముక మజ్జ ఎంత పనిచేసినా ఆ వేగాన్ని అందుకోలేదు.

రెండు ప్రమాదాలు

మొదటిది స్ప్లీనిక్ సీక్వెస్ట్రేషన్. రక్తం ప్లీహంలోకి వస్తుంది కానీ బయటికి పోదు. గంటల్లోనే ప్లీహం ఉబ్బిపోతుంది, ఒంట్లో తిరగాల్సిన రక్తం అక్కడే నిలిచిపోతుంది. హీమోగ్లోబిన్ ఒక్కసారిగా 2 గ్రాములో అంతకంటే ఎక్కువో పడిపోతుంది. బిడ్డ పాలిపోతుంది, నీరసంతో వాలిపోతుంది, ఊపిరి వేగంగా తీస్తుంది, కడుపు ఎడమ పక్క ఉబ్బుతుంది. వెంటనే రక్తం ఎక్కించాలి. అది కూడా కొద్దికొద్దిగా, ఎందుకంటే ప్లీహం వదిలాక నిలిచిన రక్తం తిరిగి ప్రవాహంలోకి వస్తుంది. ఒకసారి వచ్చిన బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

రెండోది ఇన్ఫెక్షన్. న్యుమోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలకు పైన జారుడు తొడుగు ఉంటుంది. వాటిని రక్తంలోంచి ఏరేయడంలో ప్లీహానిదే ముఖ్య పాత్ర. ప్లీహం లేని బిడ్డకు ఉదయం వచ్చిన జ్వరం రాత్రికి ప్రాణం మీదికి తేగలదు. అందుకే సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లలకు 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం ఎప్పుడూ అత్యవసరమే. పారాసిటమాల్ వేసి రేపు చూద్దాంలే అనుకోవడానికి వీల్లేదు.

మన దేశంలో కనిపించే తేడా

భారతదేశంలో కనిపించే సికిల్ జన్యువు ఎక్కువగా 'అరబ్-ఇండియన్' అనే రకానికి చెందింది. ఈ రకం ఉన్నవాళ్లలో గర్భస్థ హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత ఎక్కువగా మిగులుతుంది. అందువల్ల మన పిల్లల్లో ప్లీహం అంత త్వరగా ముడుచుకుపోదు. పదేళ్లకూ ఇరవై ఏళ్లకూ కూడా బల్ల చేతికి తగిలే రోగులు ఇక్కడ చాలామంది. మలేరియా ఉన్న ప్రాంతమైతే ఆ పెరుగుదలకు అదీ తోడవుతుంది.

దీన్నిబట్టి 'ఇండియన్ సికిల్ సెల్ మెతకది' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. ఆ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ప్లీహం ఎక్కువ కాలం మిగిలితే సీక్వెస్ట్రేషన్ ముప్పు కూడా ఎక్కువ కాలం ఉంటుంది. పెరిగిన ప్లీహం కణాలను అతిగా నాశనం చేసి రక్తహీనతను పెంచొచ్చు. మహారాష్ట్రలోని విదర్భలో తీవ్రమైన రోగులు తక్కువేమీ కాదు. కాబట్టి ఐదేళ్లు దాటగానే ప్లీహం సంగతి మర్చిపోవచ్చనే పాఠ్యపుస్తకపు లెక్క మన పిల్లలకు సరిపోదు.

ఎవరి రక్తం?

మన దేశంలో సికిల్ జన్యువును 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. 1950లు ముగిసేలోపే నాగపూర్ పరిశోధకులు మహార్ కులస్థుల్లో కూడా చూశారు. ఆ తర్వాత ఒడిశా, ఛత్తీస్‌గఢ్, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో దళిత, ఆదివాసీ, బీసీ సమూహాల్లో బయటపడింది. ఆదిలాబాద్ గోండులు, కోలాముల్లో, భద్రాచలం ప్రాంతంలో, విశాఖ మన్యంలో ఈ జన్యువు ఉందని దశాబ్దాలుగా తెలుసు.

ఇది ఏ కులానికీ అంటుకున్న మచ్చ కాదు. ఒక్క సికిల్ జన్యువు మాత్రమే ఉన్న వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని ఆంథొనీ అలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశోధనతో చూపించారు. మలేరియా తరతరాలుగా ఉన్న చోటల్లా ఈ జన్యువు నిలిచింది. ఆఫ్రికాలో, సౌదీ అరేబియాలో, గ్రీసులో కూడా అంతే. అయితే మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. కులానికి మూలం సొంత గుంపులోనే పెళ్లిళ్లు చేసుకోవడమని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో వాదించారు. ఆ కట్టుబాటు జన్యువును పుట్టించదు. కానీ ఉన్న జన్యువును ఆ గుంపులోనే తిరిగేలా చేస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులయ్యే అవకాశాన్ని పెంచుతుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం.

అమెరికాలో నల్లజాతి ప్రజల సికిల్ సెల్‌ను పట్టించుకునేవాళ్లు లేనప్పుడు బ్లాక్ పాంథర్ పార్టీ 1971లో తన ఉచిత క్లినిక్‌ల ద్వారా పరీక్షలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే అక్కడ సికిల్ సెల్ నియంత్రణ చట్టం వచ్చింది. అదే 1972లో, ఆ పార్టీ స్ఫూర్తితో, ముంబయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఆ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పరీక్షలు పెరిగాక, ఏ జబ్బూ లేని వాహకులను కూడా అమెరికా వాయుసేన అకాడమీ 1981 దాకా చేర్చుకోలేదు. పరీక్ష చేసినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. దాని ఫలితం ఎవరి చేతిలో ఉంటుంది, దేనికి వాడతారు అన్నది అడగాలి. వాహకులు రోగులు కారు. వాళ్ల ప్లీహం మామూలుగానే పనిచేస్తుంది. చాలా ఎత్తైన కొండ ప్రాంతాలకు వెళ్లినప్పుడు మాత్రం అరుదుగా దెబ్బతినొచ్చు. కార్డు చూపించి పెళ్లి సంబంధం తప్పించడం, ఆడపిల్లనే తప్పుపట్టడం లాంటివి జరగకుండా చూడాల్సిన బాధ్యత పరీక్షలు చేసేవాళ్లదే.

చేతితో, మందుతో కాపాడిన అనుభవం

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1973 నుంచి 1981 దాకా లక్ష మంది నవజాత శిశువులకు పరీక్షలు చేసి, సికిల్ సెల్ ఉన్నవాళ్లను గ్రాహమ్ సెర్జంట్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. తల్లులకు బిడ్డ కడుపు తడిమి ప్లీహం పెరిగిందో లేదో చూడటం నేర్పించింది. సీక్వెస్ట్రేషన్‌ను ఇళ్లలోనే ముందుగా గుర్తించి ఆస్పత్రికి తేవడంతో దానివల్ల చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది.

పద్ధతి కష్టమైనది కాదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొద్దిగా మడవాలి. వేళ్లను బొడ్డు కింది నుంచి మెల్లగా ఎడమ పక్కటెముకల వైపు జరపాలి. గట్టి అంచు తగిలితే అది ఎముక నుంచి ఎన్ని వేళ్ల వెడల్పు కిందికి ఉందో గుర్తుపెట్టుకోవాలి. గట్టిగా నొక్కకూడదు. మొదట నర్సు దగ్గరో డాక్టర్ దగ్గరో నేర్చుకోవాలి. బిడ్డ బాగున్న రోజుల్లో కొలత తెలిస్తేనే, పెరిగిన రోజున తేడా తెలుస్తుంది.

ఇక మందు సంగతి. 1986లో అమెరికాలో 215 మంది చిన్నపిల్లలపై జరిగిన పరిశోధనలో రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇచ్చిన పిల్లల్లో తీవ్రమైన న్యుమోకాకల్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. మూడేళ్లలోపు 125 మిల్లీగ్రాములు, మూడు నుంచి ఐదేళ్ల దాకా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వడం అప్పటి నుంచీ ప్రామాణిక పద్ధతి. పెన్సిలిన్ పడనివాళ్లకు డాక్టర్ వేరే మందు రాస్తారు. న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచిత టీకాల్లో ఉంది. హిబ్ టీకా పెంటావాలెంట్‌లో కలిసే ఉంది. మెనింగోకాకల్ టీకా, రెండేళ్లు దాటాక వేసే 23 రకాల న్యుమోకాకల్ టీకా మాత్రం ఆ ఉచిత జాబితాలో లేవు. వాటిని అడిగి సాధించుకోవాల్సిందే. గర్భస్థ హీమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా నొప్పులను, ఆస్పత్రి పాలయ్యే సందర్భాలను తగ్గిస్తుంది.

ఏం అడగాలి?

జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మిషన్ దృష్టి ప్రధానంగా గిరిజన ప్రాంతాల మీద ఉంది. అది అవసరమే. కానీ ఈ జన్యువు ఉన్న దళిత సమూహాలు షెడ్యూల్డ్ ప్రాంతాల బయట, పట్టణపు బస్తీల్లో కూడా ఉన్నాయి. వాళ్లూ లెక్కలోకి రావాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్ వ్యాధిని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న విద్యార్థులకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. అదే చట్టంలో 34వ సెక్షన్ ఇచ్చే 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్ జాబితాలో మాత్రం రక్త వ్యాధులు లేవు. చదువుకు పనికొచ్చే సర్టిఫికెట్ ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోతుంది. సంఘాలు పట్టుకోవాల్సిన అంశం ఇది.

మన ఊరి ఆరోగ్య కేంద్రంలో, ఐటీడీఏ సమావేశంలో, కలెక్టర్ గ్రీవెన్స్‌లో అడగదగ్గ ప్రశ్నలు ఇవి:

- వాహకులున్న సమూహాల్లో పుట్టిన బిడ్డలకు మొదటి నెలల్లోనే పరీక్ష చేస్తున్నారా? ప్రాథమిక పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్‌తో నిర్ధారిస్తున్నారా?
- వ్యాధి తేలిన ప్రతి బిడ్డకూ పెన్సిలిన్ నెలనెలా ఇంటి దగ్గర అందుతోందా?
- ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ప్లీహం తడిమి చూడటం నేర్పారా? వాళ్లు తల్లులకు నేర్పుతున్నారా?
- జ్వరం వచ్చిన సికిల్ సెల్ బిడ్డకు రాత్రిపూట కూడా యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుంది? రక్తం ఎక్కించే ఆస్పత్రి ఎంత దూరంలో ఉంది, అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది?
- గిరిజన సంక్షేమ, సాంఘిక సంక్షేమ హాస్టళ్ల వార్డెన్లకు తమ దగ్గర ఉన్న సికిల్ సెల్ విద్యార్థి ఎవరో, జ్వరమొస్తే ఏం చేయాలో తెలుసా? ఆ సమాచారం మిగతా పిల్లల ముందు బయటపడకుండా ఉందా?

మిషన్ నివేదికల్లో ముందు కనిపించేది ఎంతమందికి పరీక్ష చేశారన్న అంకె. ఆ అంకె పక్కనే ఇంకోటి అడగాలి. వ్యాధి ఉందని తేలిన ఐదేళ్లలోపు పిల్లల్లో ఇవాళ ఉదయం పెన్సిలిన్ వేసుకున్నవాళ్లు ఎంతమంది? ప్లీహం పని ఆగిపోయిన బిడ్డకు దాని బదులు కాపలా కాసేది ఆ మందే.